కొండ దారిలో కోవిడ్ అంటుతుందా?

మన వైపు కొండ ఎక్కనివారు ఎవరు? మొక్కు తీర్చుకోవడానికి తిరుమల మెట్లు ఎక్కుతారు. శివరాత్రికి నల్లమల అడవి దారిలో నడిచి శ్రీశైలం చేరతారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు ప్రదక్షిణ చేస్తారు. కట్టెల కోసం, తునికాకు కోసం, మేకలు మేపడం కోసం రోజూ గుట్ట ఎక్కి దిగేవారు ఇంకెందరో ఉన్నారు.

2020లో మన దేశానికి కోవిడ్ వచ్చింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. అంతకు ముందే, మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. జూన్ 11న తిరిగి మొదలుపెట్టారు. సింహాచలం గిరి ప్రదక్షిణ 2020లోనూ, 2021లోనూ జరగలేదు.

ఆ రోజుల్లో జనం రెండు రకాలుగా మాట్లాడారు. "గడప దాటితే చావే" అని కొందరు అన్నారు. పొలం పోవడానికి కూడా జంకారు. పిల్లల్ని వాకిట్లోకి కూడా రానివ్వలేదు. "బయట గాలికి ఏ జబ్బూ అంటదు" అని మరికొందరు అన్నారు. గుంపుల్లో భుజం భుజం రాసుకుని తిరిగారు.

ఈ రెండు మాటల్లో ఏది నిజం? రెండింటిలోనూ సగమే నిజం ఉంది. ఆ సగం ఏదో తెలిస్తే భయమూ తగ్గుతుంది, జబ్బూ తగ్గుతుంది.

జబ్బు గాలిలో ఎలా వస్తుంది?

కోవిడ్ ఒక వైరస్ వల్ల వస్తుంది. వైరస్ అంటే కంటికి కనిపించని చిన్న క్రిమి. ఎంత చిన్నది? ఒక మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత.

ఈ క్రిమి జబ్బు మనిషి ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. ఆ మనిషి దగ్గినా, తుమ్మినా, మాట్లాడినా, పాడినా, చివరికి ఊరికే ఊపిరి విడిచినా తుంపరలు బయటికి వస్తాయి. తుంపరలు రెండు రకాలు. పెద్ద తుంపరలు బరువుగా ఉంటాయి. అవి ఒకటి రెండు గజాల లోపే నేల మీద పడతాయి. సన్న తుంపరలు తేలికగా ఉంటాయి. అవి పొగలాగా గాలిలో తేలుతాయి. ఆ గాలి పీల్చిన మనిషికి జబ్బు అంటుతుంది.

మొదట్లో పెద్ద తుంపరల గురించే ఎక్కువగా చెప్పారు. కూరగాయల్ని సబ్బు నీళ్లతో కడిగారు. నోట్ల కట్టల్ని ఎండలో పెట్టారు. తరువాత పరీక్షలు చేసిన కొద్దీ అసలు దారి గాలే అని తెలిసింది. వస్తువులను తాకడం వల్ల అంటడం చాలా తక్కువ.

ఇంకొక మాట. ఒంట్లో క్రిమి చేరిన వెంటనే దగ్గు, జ్వరం రావు. రెండు నుంచి అయిదు రోజులు పడుతుంది. ఒక్కోసారి పద్నాలుగు రోజులు కూడా పట్టవచ్చు. కానీ దగ్గు మొదలు కావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఆ మనిషి నుంచి ఇతరులకు జబ్బు అంటగలదు. అందుకే "నాకేం కాలేదు, బాగానే ఉన్నాను" అనేవారి నుంచి కూడా జబ్బు వచ్చింది.

పోపు ఘాటు

ఈ విషయం వంట చేసేవాళ్లకు సులభంగా అర్థమవుతుంది.

తలుపులు మూసిన ఇంట్లో ఎండుమిరపకాయల పోపు పెట్టండి. ఏమవుతుంది? వంటింట్లో ఉన్నవాళ్లే కాదు, ముందు గదిలో పడుకున్నవాళ్లు కూడా దగ్గుతారు. పోపు అయిపోయి పావుగంట గడిచినా ఘాటు పోదు. కిటికీ తెరిస్తే? కాస్త తగ్గుతుంది. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిస్తే త్వరగా పోతుంది. అదే పోపు పెరట్లో రాళ్ల పొయ్యి మీద పెట్టండి. పొయ్యి మీదికి వంగిన మనిషి ఒక్కరే దగ్గుతారు. పది అడుగుల దూరంలో ఉన్నవారికి ఏమీ తెలియదు.

జబ్బు మనిషి ఊపిరి కూడా ఇంతే. మూసిన గదిలో అది పోగవుతుంది. గంట గడిచే కొద్దీ చిక్కబడుతుంది. ఆరుబయట గాలికి చెదిరిపోతుంది. ఎండకు క్రిమి త్వరగా చస్తుంది కూడా. మంచి ఎండలో కొద్ది నిమిషాలలోనే చాలా భాగం చస్తుందని పరీక్షల్లో తేలింది.

కానీ పెరట్లో కూడా పొయ్యి మీదికి వంగినవారికి ఘాటు తగిలింది కదా? ఆ సంగతి మరవకూడదు. బయట అయినా మొహంలో మొహం పెట్టి మాట్లాడితే జబ్బు అంటవచ్చు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కోవిడ్ మొదట చైనాలో బయటపడింది. అక్కడ 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో 7,324 మందికి జబ్బు ఎక్కడ అంటిందో ఆరా తీశారు. ఇళ్లలో అంటింది. బస్సుల్లో, రైళ్లలో అంటింది. హోటళ్లలో, దుకాణాల్లో అంటింది. ఆరుబయట అంటినట్టు తేలిన సంఘటన ఒక్కటే. ఒక పల్లెలో ఒకాయన, వూహాన్ నగరం నుంచి వచ్చిన మనిషితో బయట నిలబడి మాట్లాడాడు. అలా అంటింది.

ఐర్లండ్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ 2021 మార్చి నెలాఖరు దాకా సుమారు 2 లక్షల 32 వేల మందికి కోవిడ్ వచ్చింది. వాళ్లలో ఆరుబయట అంటినట్టు తేలినవారు 262 మంది. అంటే వెయ్యికి ఒకరు.

అయితే ఒక జాగ్రత్త. దారిలో పోతూ ఎవరి నుంచి అంటిందో కనిపెట్టడం కష్టం. కాబట్టి బయటి లెక్క అసలు కన్నా తక్కువగా కనిపించవచ్చు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినవారు, నూటికి పది కన్నా తక్కువే బయట అంటాయని చెప్పారు. ఎలా చూసినా మూసిన చోటే ప్రమాదం చాలా ఎక్కువ.

మూసిన చోట ఎంత ప్రమాదమో చూడండి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాటల బృందం కలిసింది. మన భజన బృందం లాంటిదే. 61 మంది ఒక హాలులో చేరి రెండున్నర గంటలు పాటలు సాధన చేశారు. వాళ్లలో ఒకరికి జబ్బు ఉంది. తరువాత చూస్తే ఆ మనిషితో కలిపి 53 మందికి జబ్బు వచ్చింది. ఇద్దరు చనిపోయారు.

అదే ఏడాది దక్షిణ కొరియాలో హాళ్లలో పాటకు తగ్గట్టు ఎగురుతూ చేసే వ్యాయామ తరగతుల ద్వారా 112 మందికి జబ్బు పాకింది. మూసిన హాలు, ఇరుకు, రొప్పుతూ తీసే ఊపిరి. ఈ మూడూ ఒకచోట చేరాయి.

మొదట్లో ఈ తేడా చాలా దేశాల్లో తెలియలేదు. బ్రిటన్‌లో కొండల మీద నడవడం జనానికి పెద్ద ఇష్టం. 2020 మార్చిలో అక్కడి డెర్బీషైర్ పోలీసులు డ్రోన్ ఎగరేసి, కొండల్లో నడిచేవారిని వీడియో తీసి హెచ్చరించారు. మే 13 నాటికి ఇంగ్లండులో నియమం మారింది. నడకకు, వ్యాయామానికి ఎంత దూరమైనా పోవచ్చన్నారు. మన దేశంలో కూడా 2020 ఏప్రిల్ 20 తరువాత ఉపాధి హామీ పనులకు అనుమతి ఇచ్చారు. ఎడం పాటిస్తూ బయట పని చేసుకోవచ్చన్నారు.

గుడికి వెళ్లిన రెండు బస్సులు

ఇప్పుడు ఒక నిజంగా జరిగిన సంగతి. యాత్రలకు పోయే ప్రతివారూ తెలుసుకోవలసినది.

చైనాలో జెజియాంగ్ అనే రాష్ట్రం ఉంది. 2020 జనవరి 19న అక్కడ 128 మంది ఒక బౌద్ధ ఆలయంలో పూజకు బయలుదేరారు. రెండు బస్సులు పెట్టుకున్నారు. మొదటి బస్సులో 60 మంది ఎక్కారు. రెండో బస్సులో 68 మంది ఎక్కారు. రెండో బస్సులో ఒకరికి అప్పటికే క్రిమి అంటి ఉంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అది చలికాలం. బస్సు లోపల వెచ్చగా ఉండడానికి యంత్రం నడిపారు. ఆ యంత్రం బయటి గాలి తీసుకోలేదు. లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పింది. పోవడానికి 50 నిమిషాలు, రావడానికి 50 నిమిషాలు. ఎవరి బస్సులో వాళ్లే తిరిగి వచ్చారు. మధ్యలో పూజ రెండున్నర గంటలు జరిగింది. అది ఎక్కువ భాగం ఆరుబయటే. అక్కడ వేరే ఊళ్ల నుంచి వచ్చినవారు ఇంకా 172 మంది ఉన్నారు.

తరువాత అందరినీ లెక్క తీశారు. మొదటి బస్సులో వచ్చిన 60 మందిలో ఒక్కరికీ జబ్బు రాలేదు. రెండో బస్సులో మొదటి మనిషి కాక మరో 23 మందికి వచ్చింది. పూజకు వచ్చిన మిగతా 172 మందిలో ఏడుగురికి వచ్చింది. ఆ ఏడుగురూ పూజలో ఆ మనిషికి బాగా దగ్గరగా మెలిగినవారే.

ఒకే గుడి. ఒకే పూజ. ఒకే రోజు. తేడా ఎక్కడ వచ్చింది? బస్సులో వచ్చింది. రెండో బస్సులో కూడా ఇంకొక తేడా కనిపించింది. తెరవడానికి వీలున్న కిటికీల దగ్గర, తలుపు దగ్గర కూర్చున్నవారిలో జబ్బు బాగా తక్కువ.

మన యాత్రను విడదీసి చూద్దాం

ఒక ఊరి నుంచి పదిమంది ఆడవాళ్లు వ్యాను మాట్లాడుకుని తిరుపతి పోతున్నారనుకుందాం. రాత్రి బయలుదేరారు. ఏడు గంటల ప్రయాణం. చలి అని అద్దాలు ఎత్తారు. తెల్లారి అలిపిరి దగ్గర దిగారు. అక్కడ సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. నాలుగు గంటలు నడిచారు. పైన క్యూలో నిలబడ్డారు. గదిలో కొంతసేపు పడుకున్నారు. మళ్లీ ఏడు గంటలు వ్యానులో ఇంటికి వచ్చారు.

వీళ్లకు ఎక్కడ ఎంత ప్రమాదం?

మెట్ల మీద నాలుగు గంటలు. చుట్టూ చెట్లు, కొండ గాలి. ఎడంగా నడిస్తే ప్రమాదం చాలా తక్కువ. పక్క నుంచి ఒక మనిషి దాటి పోతే క్షణం పని. అంతలో జబ్బు అంటడం అరుదు.

మెట్ల దారిలో నీడకు ఆగేచోట్లు ఉంటాయి. అక్కడ కాస్త జాగ్రత్త పడాలి. ఊరికే కూర్చున్నప్పుడు మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. మెట్లు ఎక్కేటప్పుడు దానికి నాలుగయిదు రెట్లు పీలుస్తాడు. అంతే గాలి విడుస్తాడు. రొప్పుతున్న పదిమంది ఒకే నీడలో ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటే ఊపిరి ఊపిరికి తగులుతుంది. అందుకే విడివిడిగా కూర్చోవాలి. గాలి ఆడేవైపు కూర్చోవాలి.

క్యూలో ప్రమాదం ఇంకా ఎక్కువ. గంటల తరబడి అదే మనుషులు ముందూ వెనకా ఉంటారు. పైన కప్పు, చుట్టూ గోడలు ఉంటే మరీ ఎక్కువ.

గదిలో పదిమంది పడుకుంటే కిటికీలు మూస్తారు. అది మూసిన ఇంట్లో పోపు పెట్టడమే.

ఇక వ్యాను. రానూ పోనూ పద్నాలుగు గంటలు. అద్దాలు మూసి ఉంటాయి. మోకాలికి మోకాలు తగులుతుంది. దారి పొడుగునా మాటలు, పాటలు, గోవింద నామాలు. మొత్తం యాత్రలో అన్నిటి కన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే.

చూశారా! కొండ మీద భయపడతాం. వ్యానులో హాయిగా నిద్రపోతాం. భయం ఒకచోట ఉంది. ప్రమాదం ఇంకొకచోట ఉంది.

"బయటే కదా" అనే మాట ఎప్పుడు తప్పు?

జనం కిక్కిరిసినప్పుడు తప్పు. 2021 ఏప్రిల్‌లో హరిద్వార్‌లో కుంభమేళా జరిగింది. గంగ ఒడ్డున, ఆకాశం కిందే స్నానాలు చేశారు. కానీ లక్షల మంది ఒకేచోట చేరారు. బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి వచ్చారు. గుడారాల్లో కలిసి పడుకున్నారు. అక్కడికి పోయి వచ్చినవారిలో చాలామందికి జబ్బు బయటపడింది. అప్పుడే దేశంలో రెండో విడత కోవిడ్ పెరుగుతోంది. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ అందక జనం ఎంత అల్లాడారో ఎవరూ మరచిపోలేదు.

కాబట్టి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గాలి ఆడుతోందా? మనిషికీ మనిషికీ ఎడం ఉందా? ఎంతసేపు ఉంటాం? మూడింటికీ మంచి జవాబు వస్తే భయం లేదు. ఒక్కదానికి చెడ్డ జవాబు వచ్చినా జాగ్రత్త పడాలి.

దగ్గును ఎందుకు దాస్తారు?

చాలా ఊళ్లలో ఇలాంటి మాటలు జరుగుతుంటాయి. యాత్రకు ముందు రోజు సాయంత్రం. పొదుపు సంఘం ఆడవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. వాళ్లలో పెద్దామె ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆశా కార్యకర్త అటుగా వచ్చింది.

"అక్కా, మూడు రోజుల నుంచి దగ్గుతున్నావంట. ఒళ్లు వెచ్చగా ఉందా?"

"ఏం లేదమ్మా. చలిగాలి దగ్గు. రెండు మిరియాలు నమిల్తే పోద్ది."

"రేపు తిరుపతి పోతున్నావా?"

"పోకుండా ఎట్టా? మనవడికి జ్వరం తగ్గితే మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నా. వ్యానుకు డబ్బు కట్టా. ఇప్పుడు రానంటే ఆ డబ్బు ఎవరిస్తారు?"

పక్కనున్న ఆమె అందుకుంది. "మెట్లెక్కేది బయటే కదా. కొండ గాలికి అదే పోద్దిలే."

"మెట్ల మీద నాకు భయం లేదు వదినా. వ్యానులోనే నా భయం. రాత్రంతా అద్దాలు మూస్తారు. అక్క దగ్గిన గాలి మీరందరూ పీల్చాలి. మీ అత్తకు చక్కెర జబ్బు. ఆమె కూడా వస్తోంది కదా?"

ఎవరూ మాట్లాడలేదు. దగ్గే ఆమె తల వంచుకుంది. "నా వల్ల యాత్ర ఆగిందని ఊరంతా అనుకుంటారు" అంది.

సంఘం లీడరు కాసేపు ఆలోచించింది. "నీ డబ్బు ఎక్కడికీ పోదు అత్తా. వారం ఆగి పోదాం. వ్యానాయనతో నేను మాట్లాడతా. బయానా పోతే పదిమందీ తలా కాస్త వేసుకుందాం. దేవుడు వారంలో ఎక్కడికి పోతాడు?" అంది.

మర్నాడు పెద్దామె ఆరోగ్య కేంద్రానికి పోయి పరీక్ష చేయించుకుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పెద్దామె చెడ్డ మనిషి కాదు. డబ్బు పోతుందని, మాట పడాల్సి వస్తుందని ఆమె దగ్గును దాచింది. దాచినవారిని తిడితే రేపు ఇంకొకరు దాస్తారు. నష్టాన్ని పదిమందీ పంచుకుంటే ఎవరూ దాచరు. కూలి పోతుందని జ్వరంతోనే నాట్లకు పోయేవారి సంగతీ ఇంతే. యాత్రకు డబ్బు పోగు చేసేటప్పుడే "ఒంట్లో బాగాలేక ఆగినవారి డబ్బు తిరిగి ఇస్తాం" అని అందరూ మాట అనుకోవాలి.

యాత్రకు పోయేవారు ఏం చేయాలి?

బయలుదేరే ముందు:

దగ్గు, జ్వరం, గొంతు నొప్పి ఉంటే ఆగాలి. ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. కోవిడ్ వచ్చి తగ్గినవారు వెంటనే కొండ ఎక్కకూడదు. ముందు ఊళ్లోనే కొద్దికొద్దిగా నడవాలి. ఆయాసం, గుండె దడ, ఛాతీ నొప్పి ఉంటే డాక్టరును అడగాలి.

బండిలో:

రెండు వైపులా కిటికీలు కొద్దిగా తెరవాలి. చలి అయితే దుప్పటి కప్పుకోవాలి. ఏసీ బండి అయితే బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టమని డ్రైవరును అడగాలి. రెండు గంటలకు ఒకసారి ఆపి తలుపులన్నీ తెరవాలి. జబ్బు ఎక్కువగా ఉన్న రోజుల్లో బండిలో అందరూ మాస్కు పెట్టుకోవాలి. మాస్కు ముక్కునూ నోటినీ మూయాలి. గడ్డం కింద ఉన్న మాస్కు దేనికీ పనికిరాదు.

కొండ దారిలో:

ఎడం ఉంటే మాస్కు అక్కరలేదు. రొప్పు వస్తుంటే మాస్కు తీసి, పక్కకు జరిగి, ఊపిరి పీల్చుకోవాలి. ఎదురు గాలిలో ముందు నడిచేవారు దగ్గుతుంటే వెనక ఆనుకుని నడవకూడదు. అన్నం బయట చెట్టు కింద తినడం మంచిది. తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కోవిడ్ కన్నా విరేచనాలు, టైఫాయిడ్ లాంటి జబ్బులకు ఇది ఎక్కువ అవసరం.

క్యూలో, గదిలో:

జనం ఎక్కువగా ఉంటే మాస్కు పెట్టుకోవాలి. గదిలో కిటికీలు తెరిచి పడుకోవాలి. ముసలివారిని, చక్కెర జబ్బు ఉన్నవారిని, గర్భిణులను గాలి వచ్చేచోట పడుకోబెట్టాలి.

తిరిగి వచ్చాక:

అయిదారు రోజులు ఒళ్లు ఎలా ఉందో చూసుకోవాలి. దగ్గు, జ్వరం వస్తే వేరే గదిలో ఉండాలి. వేరే గది లేకపోతే వసారాలో, గాలి ఆడేచోట మంచం వేసుకోవాలి. ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మనిషి మగతగా ఉన్నా ఆలస్యం చేయకూడదు. వేలికి పెట్టి చూసే మిషన్‌లో ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు కూడా కోవిడ్ ఉందా?

ఉంది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అంటే జబ్బు పూర్తిగా పోయిందని కాదు. మునుపటి అంత ప్రమాదం లేదని అర్థం.

ఎందుకు తగ్గింది? మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు వేయడం మొదలుపెట్టారు. 220 కోట్లకు పైగా డోసులు వేశారు. చాలామందికి జబ్బు కూడా వచ్చి పోయింది. కాబట్టి ఒంట్లో కొంత రక్షణ ఏర్పడింది. ఇప్పుడు చాలామందికి కోవిడ్ జలుబులాగే వచ్చి పోతుంది. కానీ ముసలివారికి, చక్కెర జబ్బు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇప్పటికీ ముప్పు ఉంది. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే మరో డోసు అవసరమా అని ఆరోగ్య కేంద్రంలో అడగండి.

ఇంకొక లాభం

గాలి పాఠం కోవిడ్‌తో అయిపోదు. టీబీ కూడా గాలి ద్వారానే అంటుతుంది. తట్టు కూడా అంతే. ఎండ రాని, గాలి ఆడని చిన్న గదుల్లో టీబీ ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించండి. ఉన్న కిటికీకి అడ్డంగా పెట్టిన బియ్యం బస్తాలు, పెట్టెలు తీసేయండి. ఇది పైసా ఖర్చు లేని మందు.

గుర్తుంచుకోండి

1. కోవిడ్ ముఖ్యంగా గాలి ద్వారా అంటుతుంది.
2. ఆరుబయట, ఎడంగా ఉంటే ప్రమాదం చాలా తక్కువ.
3. బయట అయినా గుంపులో ప్రమాదం ఉంది.
4. యాత్రలో పెద్ద ప్రమాదం అద్దాలు మూసిన బండిలో, కిటికీలు మూసిన గదిలో ఉంది.
5. దగ్గు ఉన్నవారు ఆగాలి. ఆగినవారి నష్టాన్ని అందరూ పంచుకోవాలి.

కొత్త మాటలు

వైరస్: కంటికి కనిపించని, జబ్బు కలిగించే చాలా చిన్న క్రిమి.
తుంపర: నోటి నుంచి, ముక్కు నుంచి వచ్చే చిన్న తడి చుక్క.
ఎడం: మనిషికీ మనిషికీ మధ్య ఉండే దూరం.
బయానా: బేరం కుదిరినప్పుడు ముందుగా ఇచ్చే డబ్బు.

కలిసి మాట్లాడుకోండి

1. గుడికి వెళ్లిన రెండు బస్సుల్లో ఒక బస్సు వారికే జబ్బు ఎందుకు వచ్చింది?
2. మీరు ఈ మధ్య వెళ్లిన యాత్రను విడదీసి చెప్పండి. ఎక్కడ గాలి ఆడింది? ఎక్కడ ఆడలేదు?
3. మీ చదువు కేంద్రం గదికి ఎన్ని కిటికీలు ఉన్నాయి? ఈ పాఠం చదివేటప్పుడు అవి తెరిచి ఉన్నాయా?
4. దగ్గుతో ఉన్న మనిషి యాత్ర మానుకుంటే ఆమె డబ్బు మీ సంఘం తిరిగి ఇస్తుందా? ఏ నియమం పెట్టుకుంటే బాగుంటుంది? రెండు వాక్యాల్లో రాయండి.